గోదారి నీళ్ళ టెంపరేచర్ లాగ్: రాజమండ్రి రేవు, కార్తీకం నుంచి వరద తగ్గేదాకా

రాజమండ్రిలో పొద్దున్నే గోదారిలో ఈత కొట్టేవాళ్ళం కొంతమందిమి ఉన్నాం, నీటి వేడి కొలవడానికి మాకోసం పెట్టుకున్న సెటప్ ఇది. ఈతకి నీళ్ళు ఎంత వేడిగా ఉండాలి అని నెట్‌లో వెతికితే అన్నీ చలిదేశాల లెక్కలే దొరుకుతాయి, 10 డిగ్రీల నీళ్ళలో ఎంతసేపు ఉండొచ్చు, వెట్‌సూట్ ఎంత మందం ఉండాలి, ఇలాంటివి. మన నదిలో అసలు సమస్య అది కాదు. ఇక్కడ ఏ నెల ఏం జరుగుతుందో, కొలిచే సామానులో ఏది ఎందుకు పాడైందో, దాని బదులు ఏం పెట్టామో రాసి ఉంచుతున్నా, కృష్ణ ఒడ్డునో మంజీర ఒడ్డునో ఎవరైనా చేసుకుంటే ఈ ఖర్చు మళ్ళీ తగలకూడదని.

ముందు చోటు గురించి ఒక మాట. ఇక్కడ గోదారి మామూలు పారే నది లాంటిది కాదు. కింద ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లతో నీటిని నిలబెడుతుంది కాబట్టి నవంబరు చివరి నుంచి జూన్ దాకా మా రేవు దగ్గర ఉండేది దాదాపు చెరువు నీరు. రబీలో పైనుంచి వచ్చేదాంట్లో సీలేరు కరెంటు తయారీ నుంచి వదిలే నీళ్ళే పెద్ద భాగం, అవి శబరిలో కలిసి కూనవరం దగ్గర గోదారిలోకి వస్తాయి. వానాకాలంలో గేట్లు పూర్తిగా ఎత్తేస్తారు, అప్పుడది వేరే నది. ఈ రెండు నదుల్నీ ఒకే సామానుతో కొలవలేం, లాగ్ అంతా తిరిగేది దీని చుట్టూనే.

దశ 1: సెన్సర్ బల్ల మీద

పెట్టింది డీఎస్18బీ20 వాటర్‌ప్రూఫ్ ప్రోబ్ (వేడి కొలిచే సెన్సర్, స్టీలు గొట్టంలో), దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్పీ32 బోర్డు, టైముకి డీఎస్3231 క్లాక్, రీడింగులు దాచడానికి ఎస్డీ కార్డు, ఛార్జింగ్ చేసుకునే 18650 సెల్ ఒకటి. 15 నిమిషాలకి ఒకసారి లేస్తుంది, కొలుస్తుంది, పడుకుంటుంది.

ఈ సెన్సర్ 0.0625 డిగ్రీ మెట్లలో రీడింగు ఇస్తుంది గానీ అది కచ్చితత్వం కాదు, కంపెనీ చెప్పేది ప్లస్ ఆర్ మైనస్ 0.5. అంటే పక్కపక్కన పెట్టిన రెండు ప్రోబులు ఒక డిగ్రీ తేడా చూపించినా రెండూ రూల్ ప్రకారం కరెక్టే. అందుకని నదిలోకి పోయేముందు ఈ పని తప్పదు:

1. ఆర్వో నీళ్ళతో ఐసు పెట్టి, గుడ్డలో చుట్టి మెత్తగా కొట్టండి. థర్మాస్ నిండా ఐసు పొడి, ఖాళీలు నిండేంత మాత్రం చల్లనీళ్ళు.
2. ప్రోబు మధ్యలో ఉండాలి, అడుక్కీ గోడకీ తగలకూడదు. కలుపుతూ 10 నిమిషాలు ఆగండి.
3. వచ్చిన అంకె 0కి ఎంత దూరమో ప్రోబు మీద మార్కరుతో రాయండి.
4. తర్వాత బకెట్లో 36, 37 డిగ్రీల నీళ్ళు పెట్టి జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరుతో పోల్చండి. అది 32 నుంచి 42 మధ్యే పనిచేస్తుంది గానీ ఆ మధ్యలో బాగా నమ్మొచ్చు.

మా ప్రోబుల్లో ఒకటి 0.4 ఎక్కువ చూపిస్తే ఇంకోటి 0.2 తక్కువ చూపించింది. కోడ్‌లో అంత తీసేశాం, కలిపాం.

బల్ల మీదే బయటపడిన ఇంకో సంగతి, మధ్యమధ్యలో 85.0 అని వస్తోంది. అది వేడి కాదు, ఈ చిప్‌కి కరెంటు రాగానే ఉండే మొదటి విలువ. 12 బిట్ రీడింగు (0.0625 మెట్లది) తయారవడానికి 750 మిల్లీ సెకన్లు పడుతుంది, అంతకంటే ముందే అడిగితే 85 ఇచ్చేస్తుంది. మైనస్ 127 వస్తే వైరు తెగిందని. రెండిటినీ సగటులో కలపకుండా విడిగా రాసేలా మార్చాం, పూర్తిగా చెరిపేస్తే వైరు ఎప్పటినుంచి పోతోందో తెలియదు.

ఖర్చు: బోర్డు 450, ప్రోబులు రెండు 280, క్లాక్ 180, కార్డు, దాని మాడ్యూలు 440, సెల్, ఛార్జింగ్ బోర్డు 300, గ్లాండ్లున్న (వైరు దూరే చోట నీరు రాకుండా బిగించే) డబ్బా 220, చిల్లర 80.
ఇప్పటిదాకా: రూ. 1,950

దశ 2: మెట్ల దగ్గర (ఫెయిల్)

రేవు మెట్ల పక్కన ఇనప గొట్టానికి ప్రోబు కట్టాం, నీటిలో ఒక అడుగు లోతున. తెల్లవారుజామున బాగానే ఉంది, 11 గంటల నుంచి పెరిగి మధ్యాహ్నం నవంబరులోనే 30 దాటింది. బకెట్‌తో లోపలి నీళ్ళు తీసి చూస్తే 27. ప్రోబు కొలిచింది నదిని కాదు, ఎండకి కాలిన మెట్టునీ గొట్టాన్నీ వాటిని అంటుకున్న పల్చటి నీళ్ళనీ. ఒడ్డున మోకాలి లోతు నీళ్ళు ఎప్పుడూ నది కథ చెప్పవు, స్నానానికి దిగేవాళ్ళకి తగిలేది ఆ వేడే అయినా ఈదేవాళ్ళకి కాదు.

దీనికి తోడు 8 మీటర్ల కేబుల్ మీద రీడింగులు ఎగిరిపోతున్నాయి. సెన్సర్ సిగ్నలు వైరుకి మామూలుగా వేసే 4.7 కిలో ఓం రెసిస్టరు పొట్టి వైరుకి చాలు, పొడుగు వైరుకి 2.2 కిలో ఓంకి దింపితే ఆ గోల ఆగింది.

తర్వాత మొదటి ప్రోబు చచ్చిపోయింది. వాటర్‌ప్రూఫ్ అని అమ్మే స్టీలు గొట్టం వెనక చివర ఉండేది కాస్త గమ్మూ ఒక ట్యూబూ అంతే, వర్షానికి సరిపోతుంది గానీ నెలలకొద్దీ మునిగి ఉండటానికి కాదు. నీరు లోపలికి ఒక్కసారిగా రాదు, ముందు రీడింగు నిదానంగా జారుతుంది, 0.3, 0.7, అలా, ఆ తర్వాతే మైనస్ 127. జారుతున్నప్పుడు చూసి నది చల్లబడుతోందనే అనుకుంటాం, ఎందుకంటే అది నిజంగా చల్లబడే నెలే. అందుకే ఇప్పుడు ఎప్పుడూ రెండు ప్రోబులు పక్కపక్కనే ఉంటాయి, తేడా 0.2 దాటితే ఒకటి పోయినట్టు.

ఇప్పుడు ప్రోబుని ఇలా మూస్తున్నాం:

1. వెనక చివర గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడవాలి.
2. లోపల గమ్ము ఉండే రకం హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునేది), స్టీలు మీద 2 సెంటీమీటర్లు, కేబుల్ మీద 5.
3. దాని మీద పొట్టి పీవీసీ ముక్క తొడిగి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) నింపి ఒక రోజంతా కదపకుండా ఆరబెట్టాలి.
4. ఉప్పు నీళ్ళలో రెండు రోజులు ముంచి రీడింగు జారుతుందేమో చూడాలి. ఇక్కడ పోతే పోనీ, నదిలో పోకూడదు.

ఖర్చు: కొత్త ప్రోబులు 420, ట్యూబు, ఎపాక్సీ 230, కేబుల్ 250.
ఇప్పటిదాకా: రూ. 2,850

దశ 3: పడవకి మార్చాం

నీటిమట్టం ఎక్కువసార్లు మారే నదిలో గొట్టానికి కట్టిన సెన్సర్ ఒకరోజు మీటరు లోతున ఉంటుంది, ఇంకోరోజు గాలిలో ఉంటుంది. తేలే దానికి కడితే లోతు మారదు. రేవులో కట్టి ఉంచే ఒక పాత నాటు పడవ ఉంది, దాని యజమాని బాబాయ్‌ని అడిగితే "కట్టుకోండి బాబూ, నా తాడు మాత్రం ముట్టుకోకండి ఆయ్" అన్నాడు. పడవ అంచు నుంచి తెల్ల పీవీసీ పైపు, నిండా రంధ్రాలు, లోపల మీటరు లోతున రెండు ప్రోబులూ. తెల్లదే ఎందుకంటే నల్ల పైపు ఎండని పీలుస్తుంది. డబ్బా పడవ లోపల చెక్క కింద, ఎవరికీ కనపడకుండా.

దీనితోనే అసలు డేటా మొదలైంది.

కార్తీకం: పొద్దున 6కి గాలి 21, నీళ్ళు 26.8. దీపాలు వదలడానికి వచ్చే పెద్దవాళ్ళు "నీళ్ళు వెచ్చగా ఉన్నాయమ్మా, దిగండి" అని కోడళ్ళకి చెప్తుంటారు, అది భక్తితో అనే మాట కాదు, ఆ టైముకి నీళ్ళు గాలికంటే 5, 6 డిగ్రీలు వేడి.

సంక్రాంతి వారం: ఏడాది మొత్తంలో కనిష్ఠం, 23.4. గాలి 17. నీటి మీద పొగలు కనిపిస్తాయి. ఈ నీటిలో అరగంట ఈదినా ఎవరికీ ఏం కాలేదు, వణుకు వచ్చేది బయటికొచ్చాకే, తడి ఒంటి మీద ఉత్తరపు గాలి తగిలి. మా బృందంలో డెబ్బై దాటిన ఒకాయన ఉన్నారు, ఆయనకోసం తువ్వాలూ స్వెట్టరూ పై మెట్టు మీద కాకుండా నీళ్ళ పక్కనే పెట్టడం మొదలుపెట్టాం, చలికాలానికి చేసిన ఏర్పాటు ఇంతే.

ఫిబ్రవరిలో నీళ్ళు 25, 26 డిగ్రీల మధ్య. మార్చి చివరికి 28.5.

పగలూ రాత్రీ తేడా మీటరు లోతున అర డిగ్రీకి కాస్త అటూ ఇటూ, ఇంత పెద్ద నీరు ఒక్క రాత్రిలో చల్లారదు. ఇది గుర్తుపెట్టుకోండి, మే నెల దగ్గర పనికొస్తుంది.

ఖర్చు: పైపు, మూతలు, నైలాన్ తాడు 380.
ఇప్పటిదాకా: రూ. 3,230

మార్చిలో రెండు ఇబ్బందులు. నాచు పట్టి పైపు రంధ్రాలు మూసుకుపోయాయి, లోపల నీరు కదలక రీడింగు ఆలస్యంగా మారుతోంది, వారానికొకసారి టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోయింది. రెండోది గుర్రపుడెక్క. ఒక పెద్ద తెట్టు కొట్టుకొచ్చి పడవని చుట్టేసింది, కింద నీళ్ళు బయటకంటే డిగ్రీకి పైగా చల్లగా నమోదైంది, నీడ కాబట్టి. ఆ రోజుల రీడింగులు పక్కన పెట్టాం. ఆ తెట్టులోకి ఈదుతూ పోకండి, వేళ్ళు కాళ్ళకి చుట్టుకుంటే ఎంత గజ ఈతగాడైనా చెయ్యగలిగేది తక్కువ.

దశ 4: మే

ఏప్రిల్ మధ్యలో 30 దాటింది, మే మూడో వారానికి మీటరు లోతున 32.8. ఓపెన్ వాటర్ (నది, సముద్రం లాంటి చోట్ల) ఈత పోటీలకి అంతర్జాతీయ ఈత సంస్థ వరల్డ్ ఆక్వాటిక్స్ రూలు 16 డిగ్రీల నుంచి 31 డిగ్రీల మధ్య. అందరూ ఆ 16 గురించే రాస్తారు. మన దగ్గర ఆ 16 ఎప్పటికీ రాదు, 31 మాత్రం ప్రతి వేసవిలో దాటుతుంది. నీళ్ళలో ఉన్నప్పుడు చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, చుట్టూ నీళ్ళే కాబట్టి దాహం కూడా తెలియదు. గట్టిగా ఈదే కుర్రాళ్ళకే ఎక్కువ ఇబ్బంది, తలనొప్పి, పిక్కలు పట్టేయడం, బయటికొచ్చాక కళ్ళు తిరగడం.

పొద్దున్నే దిగితే చల్లగా ఉంటాయి కదా అని మా వాళ్ళంతా అనుకున్నారు. లాగ్ చూస్తే ఉదయం 6కి 32.3, సాయంత్రం 5కి 32.9. పొద్దున దిగడం వల్ల ఎండ తప్పుతుంది, నీటి వేడి తప్పదు. మేలో దూరం సగానికి తగ్గించడం దీని నుంచే వచ్చింది.

పైన వేడి, కింద చల్లగా ఉంటుందేమో చూద్దామని రెండో కేబుల్ వేసి 3 మీటర్ల లోతున ఇంకో ప్రోబు దింపాం. గాలి లేని మధ్యాహ్నం 4 గంటలకి: పై పొర 34.1, మీటరు లోతున 32.9, 3 మీటర్ల దగ్గర 31.4. సాయంత్రం గాలి తిరగ్గానే గంటలో మొత్తం కలిసిపోయి అన్నీ ఒకటే అంకె. కాబట్టి ఒక్క సెన్సరే ఉంటే మీటరు లోతు చాలు, పై పొర మాత్రం నమ్మకండి.

ఈ నెలలో మట్టం తగ్గి ఇసుక తిప్పలు బయటపడతాయి, జనం వాటి మీదకి నడుచుకుంటూ పోయి స్నానాలు చేస్తారు. ఇసుక తవ్విన గోతులు అక్కడే ఉంటాయి. మోకాలి లోతున నడుస్తూ ఒక్క అడుగు ముందుకేస్తే నిలువు లోతు. ప్రతి వేసవి పేపర్లో వచ్చే, పిల్లలు మునిగిపోయిన వార్తలు చాలావరకు ఇలాంటి చోట్లవే. దీనికి సెన్సర్ ఏమీ లేదు, వెదురు కర్రకి అడుగుకో గీత పెట్టి, దాన్ని ముందు గుచ్చుకుంటూ వెళ్ళడమే. మా రేవు చుట్టుపక్కల అలా చూసి గోతులున్నచోట కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టాం.

ఖర్చు: రెండో కేబుల్, ప్రోబు 390.
ఇప్పటిదాకా: రూ. 3,620

దశ 5: ఎర్రనీరు

జూన్‌లో మొదటి వానలకి 32 నుంచి కొంచెం కొంచెం దిగుతూ వచ్చింది. జూలైలో పైన వరద మొదలై ఎర్రనీరు దిగిన రోజుల్లో 30.6 నుంచి 28.4కి పడిపోయింది. గ్రాఫులో చాలా అందంగా ఉంటుంది ఆ గీత, ఈతకి సరిగ్గా సరిపోయే వేడి. నదిలో మాత్రం ఏడాదిలో అన్నిటికంటే ప్రమాదమైన రోజులు అవి. మొదట్నుంచీ మేం కొలిచిన టెంపరేచర్ ఒక్కటీ ఇవాళ దిగొచ్చా లేదా అనే ప్రశ్నకి జవాబు చెప్పలేదని ఇక్కడ పూర్తిగా తేలిపోయింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో 27.5 నుంచి 28.5, అంకె బంగారంలా ఉంది, ఒక్కరోజు కూడా దిగనివ్వకూడదు.

పడవని బాబాయ్ ఒడ్డుకి లాగేశాడు. "ఇప్పుడు నీ మిషను చెప్పేదేం లేదు, నీళ్ళ రంగు చూడు, దుంగలు వస్తున్నాయా లేదా చూడు" అన్నాడు. చెట్లు వేళ్ళతో సహా వస్తాయి, సగం మునిగి, కనపడకుండా.

వరద రోజుల్లో బకెట్ పద్ధతి:

1. ప్లాస్టిక్ బకెట్, తాడు కట్టి. స్టీలుదైతే ఎండకి కాలి ఉంటుంది.
2. మొదటి బకెట్ పారబోయాలి, రెండోదాంట్లో ప్రోబు ముంచాలి.
3. నీడలో, నిమిషం లోపు చదవాలి.
4. ఒడ్డున గట్టి స్తంభాన్ని ఇంకో మనిషి పట్టుకుని, మీ నడుముకి కట్టిన తాడు రెండో కొస తన నడుముకి కట్టుకుని ఉండాలి. ఒక్కరే పోకండి.

వీటికి రెండు కొలతలు కలిపాం, టెంపరేచర్ కంటే ఇవే ఎక్కువ పనికొచ్చాయి.

నీటి తేట: 20 సెంటీమీటర్ల రేకు బిళ్ళ, నాలుగు భాగాలు చేసి నలుపు తెలుపు రంగులు, మధ్యలో గుర్తులున్న తాడు. దించుతూ పోతే ఎక్కడ కనపడకుండా పోతుందో అదే కొలత, సెక్కీ బిళ్ళ అంటారు. సంక్రాంతికి 110 సెంటీమీటర్లు, కార్తీకం మొదట్లో 40, ఎర్రనీటిలో 6. ఆరు సెంటీమీటర్లంటే మునిగిన మనిషి చెయ్యి చాచినంత దూరంలో ఉన్నా కనపడడు.

వరవడి (నీరు పారే వేగం): ఒడ్డు వెంబడి 10 మీటర్లు టేపుతో కొలిచి రెండు కర్రలు పాతి, పైన నారింజ పండు విసిరి స్టాప్‌వాచ్. నారింజే ఎందుకంటే దాదాపు మునిగి తేలుతుంది, గాలి నెట్టలేదు. థర్మోకోల్ ముక్కతో చూస్తే చలికాలంలో గాలి వేగమే వచ్చింది, పండు పెట్టాక సెకనుకి 0.05 మీటర్లు. జూలైలో ఒడ్డు పక్కనే 1.4 వచ్చింది, నడి గోదారిలో ఇంకా ఎక్కువ ఉంటుంది. 100 మీటర్లు రెండు నిమిషాల్లో ఈదేవాడి వేగం 0.83. అంటే ఎదురీదితే వెనక్కే పోతాడు.

ఖర్చు: రేకు, రంగు, తాడు 220.
ఇప్పటిదాకా: రూ. 3,840

వరద అంకెలు మేం కొలవక్కర్లేదు, భద్రాచలం మట్టం రోజూ వార్తల్లో వస్తుంది. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ఇక్కడికి రావడానికి దాదాపు ఒక రోజు, ఆ రోజే మనకున్న టైము. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, అప్పటికి 10 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి 28 వేల ఘనపు మీటర్ల పైన. 1986 ఆగస్టులో భద్రాచలం 75.6 అడుగులు చూసింది, 2022 జూలైలో 71.3. మొదటి హెచ్చరిక ఇంకా రాలేదు కదా అని దిగేవాళ్ళున్నారు. ఆ హెచ్చరిక ఊళ్ళ కోసం, ఈదేవాళ్ళ కోసం కాదు, మా నారింజ పండు ఆ మట్టానికి చాలా ముందే 1 మీటరు దాటేసింది.

పుష్కరాలు కూడా సరిగ్గా ఈ కాలంలోనే పడుతున్నాయి. 2015లో జూలై 14న మొదలయ్యాయి, 2027లో కూడా వానలు మొదలయ్యే రోజుల్లోనే. అప్పటికి ప్రతి పెద్ద రేవులో తేట, వరవడి రాసిన బోర్డు ఒకటి ఉంటే ఎంత బాగుంటుందో. ఒక రేకు బిళ్ళ, ఒక నారింజ పండు, ఒక మనిషి, అంతే కావాల్సింది.

దశ 6: ఇప్పుడు వాడుతున్న లెక్క

ఈ వరసలోనే చూస్తాం, ఒకదాంట్లో ఆగిపోతే కిందది చూడం:

1. భద్రాచలం మట్టం పెరుగుతుంటే దిగడం లేదు.
2. బిళ్ళ 30 సెంటీమీటర్ల లోపే మాయమైతే దిగడం లేదు.
3. నారింజ 10 మీటర్లు 33 సెకన్ల లోపు దాటితే, అంటే 0.3 పైన, దిగడం లేదు.
4. టెంపరేచర్ 31 దాటితే సగం దూరం, ముందు అర లీటరు నీళ్ళు తాగి, ఎవరో ఒకరు ఒడ్డున ఉండి.
5. 25 లోపు ఉంటే తువ్వాలు నీళ్ళ పక్కనే.

అక్టోబరులో మట్టం తగ్గి, తేట 35 సెంటీమీటర్లకి వచ్చి, నారింజ కూడా నెమ్మదించింది, లెక్క ప్రకారం దిగొచ్చు. మేం ఇంకో రెండు వారాలు ఆగాం, వరద పోతూ పోతూ అడుగు మొత్తం మార్చేస్తుంది కాబట్టి, పోయిన వేసవిలో పాతిన కర్రల్లో ఒక్కటీ లేదు, తిప్ప ఉన్నచోట లోతు, లోతు ఉన్నచోట తిప్ప. వెదురు కర్రతో మళ్ళీ మొదట్నుంచీ చూసుకుంటూ వస్తున్నాం.

మార్చాల్సినవి ఇంకా ఉన్నాయి. ఎస్డీ కార్డు, సెల్ చార్జి తగ్గినప్పుడు సగంలో రాసి చెడిపోతోంది, ఇప్పుడు బోర్డు సొంత మెమరీలో దాచి ఆరు గంటలకొకసారి మాత్రమే కార్డుకి రాయిస్తున్నాం, చార్జి 3.4 వోల్టుల కింద ఉంటే అసలు రాయదు. పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగింది, పాత ప్రోబులు రెండూ ఐసు టెస్టులో 0.1 కూడా జరగలేదు కాబట్టి అవే కట్టాం. 3 మీటర్ల కేబుల్ మాత్రం ఏప్రిల్ దాకా ఇంట్లోనే ఉంటుంది, చలికాలంలో పైనా కిందా ఒకటే అంకె వస్తుంది.